దుమ్ముసంచి పూర్వోత్తరములు

ఇంటి వెనుక వసారాలోనో, కారు నిలుపు కొట్టులోనో ఒక రంపపు బల్లను, ఒక చిత్రిక యంత్రమును అమర్చుకొని, సెలవు దినములందు కలపపని చేసికొనువారు పాశ్చాత్య దేశములలో వేలకొలదిగ నున్నారు. మన పట్టణములలోను అట్టివారు లేకపోలేదు. వారి పనిముట్ల నడుమ ఏ కొయ్యను కోయని, ఏ పలకను నునుపు చేయని యంత్రమొకటి యుండును. రంపము క్రిందినుండి ఎగయు పొట్టును గాలితో కూడ గొట్టముగుండ లాగుకొని, పొట్టును తనయొద్ద నిలుపుకొని, గాలిని మరల గదిలోనికి విడుచుట దాని పని. దానిని డస్ట్ కలెక్టర్ అని పిలుతురు. దానికి క్రింద నొక సంచి, మీద నొక సంచి యుండును. క్రింది సంచిలో పొట్టు నిండును. మీది సంచి ఉబ్బి నిలిచి గాలిని వడగట్టును. ఆ మీది సంచి కొన్నాళ్లకు చిరుగును, లేదా పూడిపోవును. క్రొత్తది కొనబోయినచో ఒకదానిపై 30 మైక్రాన్లు అనియు, ఇంకొకదానిపై 5 అనియు, వేరొకదానిపై 1 అనియు వ్రాసియుండును. సంచికి బదులుగా, మడతలు మడతలుగా పెట్టిన బట్టతో చేసిన పీపావంటి ఫిల్టరును తీసికొండని అంగడివాడు చెప్పును. ఏది కొనవలెను?

ఇంత చిన్న ప్రశ్నకు చరిత్రతో పనియేమని శ్రోతలు అనుకొనవచ్చును. పని కలదు. ఆ అంకెల వెనుక ఒక పేలుడు, ఒక దీపపు కిరణము, ఒక యుద్ధము, కుర్చీలు చేయు ఊరొకటి ఉన్నవి. ఆ కథ తెలిసినవానికి సంచిమీది అంకె వేరుగా కనబడును.

పదార్థములను వేరుచేయు పద్ధతులు మన ఇండ్లలో అనాదిగా మూడు కలవు. కళ్లములో ధాన్యమును గాలివాటున తూర్పారబట్టుదుము. బరువైన గింజ కాళ్లయొద్దనే పడును, తాలు దూరముగా పోవును. పిండిని జల్లెడ పట్టుదుము. రంధ్రముకంటె పెద్దది మీద నిలుచును, చిన్నది జారిపోవును. కాఫీ కషాయమును పలుచని గుడ్డలో వడగట్టుదుము. ధూళిని పట్టు విద్యలో ఈ మూడింటికిని పోలికలు కనబడును. అయితే గుడ్డసంచిని చాలమంది జల్లెడయనియే తలంతురు. చిక్కంతయు అక్కడనే వచ్చుచున్నది.

ధూళి చేటు చేయునని మనుష్యుడు చాలకాలము క్రిందటనే గుర్తించెను. క్రీస్తుశకము 1వ శతాబ్దమున రోమను పండితుడు ప్లీనీ తన ప్రకృతి చరిత్ర గ్రంథమున, ఇంగిలీకమును తయారుచేయు తావులలో పనివారు జంతువుల మూత్రాశయపు పొరలను ముఖమునకు వదులుగా కట్టుకొందురని వ్రాసెను. ధూళి లోనికి పోరాదు, కన్నులకు మాత్రము చూపు ఆడవలెను. 1556లో వెలువడిన అగ్రికోలా గనుల గ్రంథములో ఇంతకంటె దారుణమైన మాట యున్నది. కార్పేతియన్ పర్వతములలోని గనులయొద్ద ఏడుగురు భర్తలను వరుసగా పెండ్లాడిన స్త్రీలు కలరనియు, ఆ భర్తలందరిని గని ధూళియే అకాలమున తీసికొనిపోయిన దనియు అతడు వ్రాసెను. 1700లో ఇటలీ దేశపు వైద్యుడు రమజ్జీని వృత్తుల వలన వచ్చు వ్యాధులపై ప్రత్యేకముగా నొక గ్రంథమును ప్రకటించెను. రోగిని చూచునపుడు నీవు చేయు పని యేమి యని కూడ అడుగవలెనని వైద్యులకు నేర్పినవాడు ఆయనయే. రాళ్లు చెక్కువారి బాధలను, ధాన్యము జల్లించి కొలుచువారి బాధలను ఆయన దగ్గరగా చూచి వ్రాసెను.

వీరందరు మాటాడినది కంటికి కనబడు ధూళిని గూర్చి. కనబడని దానిని సభలో చూపిన ఖ్యాతి జాన్ టిండాల్‌కు దక్కవలెను.

టిండాల్ లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో భౌతికశాస్త్రాచార్యుడు. 1870 జనవరిలో ఆయన ధూళిని గూర్చియు వ్యాధిని గూర్చియు అక్కడ ప్రసంగించెను. చీకటిలో బలమైన విద్యుద్దీపపు కిరణ మొకటి గాలిలోనికి పంపగా, గవాక్షమునుండి దిగిన ఎండపొడలో నలుసులు ఆడునట్లు అందులో ధూళి ఆడెను. ఆ నలుసునకు మన పూర్వులు త్రసరేణువని పేరు పెట్టి, తూనికల లెక్కకు దానిని మొదటి మెట్టుగా నుంచిరి. వారికి అది కొలత. టిండాల్‌కు అది ప్రశ్న. కిరణమునకు అడ్డముగా ఆయన ఒక గాజుగొట్టము ద్వారా తన ఊపిరిని విడిచెను. మొదట వచ్చిన గాలిలో కిరణము ఎప్పటివలెనే వెలిగెను. ఊపిరి చివరకు వచ్చుసరికి కిరణము నడుమ నల్లని రంధ్రము పడినట్లు కనబడెను. ఊపిరితిత్తుల అడుగునుండి వచ్చిన ఆ గాలిలో, వెలుగును చెదరగొట్టుటకు ధూళి లేదు. లోనికి పోయిన ధూళి యేమైనది? లోపలనే నిలిచిపోయినది. తరువాత ఆయన చేతినిండ దూదిని తీసికొని, నోటికి ముక్కునకు అడ్డుపెట్టుకొని గాలి పీల్చి, మరల గొట్టములోనికి ఊదెను. ఈసారి మొదటినుండియు నలుపే. మనుష్యుని ఊపిరితిత్తియే ఒక వడపోత సంచి యనియు, దానికి ముందు దూది నుంచినచో ఆ శ్రమను దూది వహించుననియు కన్నులార చూపిన ప్రయోగమిది. పిమ్మట ఆయన దూదిని, బొగ్గును, గ్లిసరినును ఉపయోగించి, పొగలో పనిచేయు అగ్నిమాపక భటులకై ముఖకవచమును రూపొందించెను.

మేము ఈ ప్రయోగమును ఇంత విపులముగా చెప్పుటకు కారణము కలదు. దీనిని నేటికిని ఎవరైనను ఇంటిలో చేసి చూడవచ్చును. రాత్రివేళ కొట్టులోని దీపములన్నియు ఆర్పి, డస్ట్ కలెక్టరును నడుపుచు, ఉబ్బిన సంచి ప్రక్కగా టార్చిలైటు వేసినచో, పగటివేళ ఏమియు కనబడని చోట పలుచని పొగవంటిది గుడ్డనుండి బయటికి వచ్చుచుండుట కనబడును. అది పొగ కాదు. సంచి గదిలోనికి తిరిగి పంపుచున్న కొయ్య ధూళి. అంగడివాని మాటకంటె ఆ టార్చిలైటు మాట నమ్మదగినది.

వైద్యులును శాస్త్రజ్ఞులును ఇట్లు చెప్పుచుండగా, కర్మాగారముల యజమానులను గట్టిగా కదిలించినది వైద్యము కాదు, పేలుడు. 1878 మే 2వ తేదీ సాయంత్రము అమెరికాలోని మినియాపోలిస్ నగరమున వాష్‌బర్న్ ఏ మిల్లు అను పెద్ద పిండిమర పేలిపోయెను. 18 మంది మరణించిరి. ప్రక్కనున్న మరలును నాశనమయ్యెను. అక్కడ మందుగుండు లేదు. గాలిలో తేలుచున్న గోధుమపిండి ధూళికి నిప్పంటుకొనుటయే కారణమని విచారణలో తేలెను. అన్నము పెట్టు పిండి ఇంతపని చేయునని అంతవరకు సామాన్యులు ఊహింపలేదు. కొయ్య ధూళికిని ఇదే గుణము కలదు. మిల్లును తిరిగి కట్టినపుడు ధూళిని లాగివేయు ఏర్పాటులు అందులో చేర్చిరి. ఆ దశాబ్దమునుండి పిండిమరలే ధూళిపట్టు యంత్రములకు పుట్టినిల్లు అయ్యెను.

అయితే గుడ్డసంచి అప్పటికే క్రొత్తది కాదు. 1850 దశకమున న్యూజెర్సీలో, రంగుల తయారీకి వాడు జింకు ఆక్సైడు పొడిని పెద్ద బట్టసంచులలో పట్టుచుండిరి. అక్కడ పొడియే సరుకు. ఒక్క రవ్వ తప్పించుకొన్నను నష్టమే. కనుక సంచి మంచిదై యుండవలెనని యజమానికి ఎవరును చెప్పనక్కరలేక పోయెను. కలప కోయు తావులలో ధూళి సరుకు కాదు, చెత్త. కంటికి కనబడు పొట్టు పోయినచో చాలునని, మిగిలినదానిని గాలికి వదలిరి. ఈ తేడా మా అభిప్రాయములో ఈ చరిత్ర కంతటికిని తాళపుచెవి వంటిది. అంగళ్లలో నేటికిని కనబడు 30 మైక్రాన్ల సంచి ఆ అలవాటునకు వారసుడే.

1885లో జాన్ ఫించ్ అను అమెరికను, గుడ్డ లేకుండ ధూళిని వేరుచేయు సైక్లోన్ అను సాధనమునకు పేటెంటు పొందెను. రేకుతో చేసిన గరాటులోనికి గాలి ఒరగా ప్రవేశించి సుడి తిరుగును. బరువైన రవ్వలు అంచునకు విసరబడి గోడవెంట జారి క్రింద పడును. తేలికపడిన గాలి నడుమనుండి మీదికి పోవును. మన రైసు మిల్లుల వెనుక ఊకను రాశిపోయుచు కనబడు రేకు గరాటులు ఈ జాతివే. ఇది సుడిగాలిలో తూర్పారబట్టుట. దీనికి గుడ్డ లేదు కనుక పూడిపోవుట లేదు. కాని తూర్పారబట్టుటలో తాలు తప్పించుకొన్నట్లే, మిక్కిలి సన్నని ధూళి ఇందునుండి గాలితోపాటు వెడలిపోవును. ఆ లోపమును పూరించుటకు దాని తరువాత గుడ్డ కావలసియే వచ్చెను. 1880 దశకముననే జర్మనీలోని లూబెక్ పట్టణమున బెత్ అనునతడు పిండిమరలకై, యంత్రమే దులుపు సంచుల వరుసలను తయారుచేసెను.

ఇక ఇండ్లలోనికి ఈ విద్య వచ్చిన తీరు వినోదకరమైనది. 1901లో హ్యూబర్ట్ బూత్ అను ఆంగ్లేయ ఇంజనీరు ఒక చేతిరుమాలును కుర్చీ మెత్తపై పరచి, దానిమీద నోరుంచి గాలిని గట్టిగా లోనికి పీల్చెను. దగ్గు వచ్చెనట. కాని రుమాలు అడుగున నల్లని మచ్చ పడెను. ఆ రుమాలే వాక్యూమ్ క్లీనరు సంచికి తాత. 1908లో ఒహాయోలోని కాంటన్ పట్టణమున ఒక దుకాణము ఊడ్చు ఉద్యోగి జేమ్స్ స్పాంగ్లర్, ఉబ్బసముతో బాధపడుచు, విద్యుత్తు పంకాను చీపురు కర్రకు అమర్చి, దిండుగలీబును సంచిగా కట్టి పేటెంటు పొందెను. ఆ హక్కును కొన్నవాడు హూవర్. దిండుగలీబునుండి సన్నధూళి ఎంత బయటికి వచ్చెనో ఊహించుకొనవచ్చును. ఊడ్చిన నేల మాత్రము శుభ్రముగా కనబడెను. కొనువారికి అది చాలెను.

గుడ్డ జల్లెడ కాదను సత్యమును పూర్తిగా తేల్చినది రెండవ ప్రపంచ యుద్ధము. జర్మను సైనికుల విషవాయు కవచములలో నున్న వడపోత కాగితము మిత్రదేశముల చేతచిక్కెను. అది తమ కాగితముకంటె మేలైనదని వారు గ్రహించిరి. అమెరికాలో అర్వింగ్ లాంగ్‌మ్యూర్ వంటి శాస్త్రజ్ఞులు ఆ వడపోత ఎట్లు పనిచేయునో పరిశోధించిరి. అణ్వస్త్రపు కర్మాగారములలో కంటికి కనబడని రేడియోధార్మిక ధూళిని పట్టుటకు ఆ జాతి కాగితమే ఆధారమయ్యెను. నేడు హెపా అని పిలుచు ఫిల్టరు ఆ వంశముదే. మొదట దానిలో ఆస్బెస్టాసు పోగులను వాడిరి. తరువాతి కాలమున గాజుపోగు దాని స్థానమున వచ్చెను. ఆస్బెస్టాసు ధూళియే ప్రాణాంతకమనియు తేలెను.

ఆ పరిశోధన తేల్చినదేమనగా, పోగుల నడుమ సందులు ధూళికణములకంటె ఎన్నో రెట్లు వెడల్పుగ నున్నను కణములు చిక్కుకొనును. ఎట్లు? ఒక తాటితోపును ఊహింపుడు. వేగముగా వచ్చు బండి మలుపు తిరుగలేక చెట్టునకు కొట్టుకొనును. పెద్ద కణముల గతి ఇది. గడ్డిమోపు నెత్తిన బెట్టుకొని నడచువాడు సందులోనుండియే పోవును గాని, మోపు చెట్టునకు రాచుకొని చిక్కును. ఇది నడిమి కణముల గతి. కల్లు త్రాగినవాడు సందు ఎంత వెడల్పుగ నున్నను తూలుచు పోయి ఏదో ఒక చెట్టును తాకకమానడు. అతి సూక్ష్మకణములు గాలి అణువుల తాకిడికి ఇట్లే తూలుచుండును. బండివలె దూకనిది, త్రాగినవానివలె తూలనిది అయిన కణమే తప్పించుకొనును. దాని పరిమాణము ఇంచుమించు 0.3 మైక్రాన్లు. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. మన తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు. హెపా ఫిల్టరును ఆ తప్పించుకొను కణముతోనే పరీక్షింతురు. పదివేల కణములలో మూడింటికి మించి దాటిపోరాదు.

యుద్ధకాలపు ఈ జ్ఞానము కలపపనివారి కొట్టులలోనికి రాలేదు. దానికి మరియొక విషాదము జరుగవలసి వచ్చెను.

లండనునకు వాయవ్యముగా బకింగ్‌హామ్‌షైర్‌లో హై వైకోమ్ అను పట్టణము కలదు. దాని చుట్టును బీచి చెట్ల అడవులు. రెండు శతాబ్దములకు పైగా అది కుర్చీలకు పేరుపడిన ఊరు. అక్కడ చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యురాలుగ నున్న ఎస్మే హాడ్‌ఫీల్డ్, ముక్కు లోపలి గదులలో పుట్టు ఒక అరుదైన క్యాన్సరు తన రోగులలో తరచుగా కనబడుట గమనించెను. ఆ రోగులలో పలువురు కుర్చీలు, బల్లలు చేయువారు. రమజ్జీని అడుగుమన్న ప్రశ్నను ఆమె అడిగినదన్నమాట. ఆక్స్‌ఫర్డులోని మాక్‌బెత్, ఆచిసన్ అను వైద్యులతో కలిసి ఆమె చేసిన పరిశీలన 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటితమయ్యెను. సామాన్య జనులకు మిక్కిలి అరుదుగా వచ్చు ఆ వ్యాధి ఈ పనివారికి వందల రెట్లు అధికముగా వచ్చుచుండెను. వ్యాధి సోకినవారు మెరుగుపూత పనివారు కారు. యంత్రములపై కలప కోసి, మలచి, ధూళిలో నిలుచువారు. ధూళి పీల్చిన దినమునకును వ్యాధి పొడసూపిన దినమునకును నడుమ దశాబ్దములు గడచుటచే ఎవరును ఆ రెంటికి ముడివేయలేకపోయిరి. 1969లో బ్రిటిషు ప్రభుత్వము దీనిని వృత్తి వ్యాధిగా అంగీకరించెను. 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ, కొయ్య ధూళి మనుష్యులకు క్యాన్సరు కలిగించు పదార్థమని ప్రకటించెను. యూరపు కూటమి దేశములలో 2023 జనవరినుండి గట్టికలప ధూళి పనివాని చుట్టునున్న ఘనపు మీటరు గాలిలో 2 మిల్లీగ్రాములకు మించరాదను నియమము అమలునకు వచ్చెను.

ఇక్కడ ఒక సూక్ష్మమును మరువరాదు. ముక్కులో నిలిచి చేటు చేసినది కేవలము అతి సన్నని ధూళి కాదు. కొంత ముతక ధూళియు అందు కలదు. అతి సన్ననిది ముక్కును దాటి ఊపిరితిత్తుల అడుగునకు చేరును. కనుక యంత్రము చేయవలసిన పనులు రెండు. రంపమునొద్ద లేచిన ధూళిని లేచినచోటనే బలముగా లాగివేయవలెను. లాగినదానిని తిరిగి వదలకుండవలెను. మొదటిదానికి గాలి ధాటిగా ప్రవహింపవలెను. రెండవదానికి గుడ్డ దట్టముగా నుండవలెను. దట్టమైన గుడ్డ ధాటిని తగ్గించును. సంచి ఎన్నికలోని చిక్కు ఇదియే.

20వ శతాబ్దపు చివరి భాగమున ఇంటి కొట్టులకై చవుకగా వచ్చిన డస్ట్ కలెక్టరులు ఈ చిక్కును గడుసుగా తప్పించుకొనినవి. పలుచని నేతగుడ్డ నిచ్చి, గాలిని ధాటిగా పోనిచ్చి, 30 మైక్రాన్లని వ్రాసివేసిరి. నేల మీద పొట్టు కనబడదు. స్పాంగ్లర్ దిండుగలీబు కథయే మరల జరిగెను. ఒక విధముగా చూచిన అంతకంటెను చెడ్డది. యంత్రము లేనిచో ఒక మూలనే పడియుండవలసిన సన్నధూళిని అట్టి సంచి గదియంతయు చిమ్మును.

కావున క్రొత్త సంచి కొనునపుడు మొదట అడుగవలసిన ప్రశ్న ఎన్ని మైక్రాన్లని కాదు. అన్ని మైక్రాన్ల కణములను నూటికి ఎన్ని ఆపునని. శాతము చెప్పని అంకెకు అర్థము లేదు. తాటితోపు లెక్కలో చూచినచో, ఏ గుడ్డయైనను 1 మైక్రాన్ కణములను కొన్నింటిని ఆపక తప్పదు. రెండవ ప్రశ్న, ఆ లెక్క క్రొత్తగుడ్డకా, వాడి ధూళి పట్టిన గుడ్డకా యని. పాతబడిన సంచి లోపలివైపున ధూళి ఒక పొరగా అంటుకొనును. అప్పుడు వడగట్టునది గుడ్డకంటె ఆ పొరయే. కాఫీ గుడ్డలో మొదటి చుక్కలు మడ్డిగా దిగి, పొడి సర్దుకొన్న తరువాత తేటగా దిగుట గృహిణు లెరిగినదే. కొందరు తయారీదారులు పొర కట్టిన తరువాతి లెక్కను క్రొత్తసంచిమీద అచ్చువేయుదురు. ఇట్టి గందరగోళమును తగ్గించుటకు 1999లో అమెరికాలోని ఆష్రే అను ఇంజనీర్ల సంఘము మెర్వ్ అను కొలతను ప్రమాణముగ ప్రకటించెను. అందు కణములను మూడు తరగతులుగ విభజించి, ఒక్కొక్క తరగతిలో శాతమును వేరుగా కొలుతురు. మెర్వ్ 15 అనగా 0.3 నుండి 1 మైక్రాన్ తరగతిలో నూటికి 85కు తగ్గకుండ ఆపవలెను. సన్నధూళి విషయమున పట్టుదల కలవారికి ఇది నమ్మదగిన గుర్తు.

మూడవ ప్రశ్నను అడుగువారు తక్కువ. మా దృష్టిలో అదియే ముఖ్యము. గుడ్డ వైశాల్యమెంత? 50 సెంటీమీటర్ల వ్యాసము, 80 సెంటీమీటర్ల ఎత్తు గల సంచిని తీసికొందము. చుట్టుగుడ్డయు పైకప్పును కలిపి సుమారు 1.45 చదరపు మీటర్లు. నిమిషమునకు 28 ఘనపు మీటర్ల గాలి పోవు యంత్రమైనచో, గాలి ఆ గుడ్డను నిమిషమునకు 19 మీటర్ల వేగముతో దాటవలెను. అదే కొలతల పీపాలో 4 సెంటీమీటర్ల లోతుగల మడతలు 120 పెట్టినచో గుడ్డ 7.7 చదరపు మీటర్లగును. వేగము 4 మీటర్లకు లోబడును. ఒకే గుడ్డయైనచో గాలికి కలుగు అడ్డంకి ఇంచుమించు అయిదవ వంతునకు తగ్గును. వేగము తగ్గినందున ధూళి పోగుల లోతునకు దూరి పూడ్చుటయు తగ్గును. దట్టమైన గుడ్డను పెట్టుకొనియు ధాటిని కోల్పోకుండుటకు మార్గమిది. చిన్న సంచిలోనే దట్టపు గుడ్డ కుట్టించుకొన్నవారికి రెండును దక్కవు. కొన్నాళ్లకే లాగుడు తగ్గి, ధూళి రంపమునొద్దనే నిలిచి వారి ముక్కున చేరును.

మడతల ఫిల్టరునకును లోపము లేకపోలేదు. చిత్రికనుండి వచ్చు చుట్టపొట్టు మడతల సందులలో చిక్కి బిగుసుకొనును. మడతలు మరీ ఇరుకైనచో అచ్చటి గుడ్డ ఉన్నను లేనట్లే. కనుక ఎక్కువ మడతలున్నదే మేలని అనుకొనరాదు. వ్రేలు దూరునంత ఎడము మేలు. దీనికి ముందుగా ఫించ్ గరాటును అమర్చుకొన్నవారి పని సుఖముగా సాగును. ముతకపొట్టంతయు అక్కడనే పడిపోవును. కాగితపు మడతలకంటె పాలియెస్టరు మడతలు చెమ్మకు ఓర్చుకొనును. సముద్రతీరపు ఊళ్లవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

కొలతల విషయమున పొరపాటులు తరచుగా జరుగుచుండును. సంచి అంచును కొలువక, యంత్రమునందు సంచి బిగించు ఇనుప కట్టు చుట్టుకొలతను పురికొసతో కొలిచికొనవలెను. నీటి మట్టము గొట్టమొకటి, అనగా U ఆకారమున వంచి సగము నీరు పోసిన సన్నని గొట్టము, ఒక కొనను సంచి లోపలి గాలికి తగులునట్లు అమర్చుకొనినచో మంచిది. ఫిల్టరు క్రొత్తదిగ నున్ననాడు రెండు మట్టముల తేడా ఎంతయో గుర్తు పెట్టుకొని, అది రెండింతలైననాడు దులుపవలెనని తెలిసికొనవచ్చును. దులుపుటయన్నచో ఆరుబయట, ముక్కునకు ముసుగు కట్టుకొని, బయటివైపునుండి లోనికి మెల్లగా గాలి కొట్టుట. సంచిని చాకిరేవున బాదినట్లు బాదినచో పోగులు తెగి సందులు పెరుగును. మాటిమాటికి ఉదుకుటయు తగదు. మురికితోపాటు వడగట్టు పొరయు పోవును.

మరియొక మాట. ఈ సంచుల పరిణామమంతయు చలిదేశములలో జరిగినది. అక్కడ వెచ్చజేసిన గాలిని బయటికి విడుచుట డబ్బును బయటికి విడుచుటయే. అందుచే దానిని వడగట్టి మరల గదిలోనికే త్రిప్పుకొనిరి. మన ప్రాంతమున కొట్టును వెచ్చజేసికొను పని లేదు. ఏసీ లేని గదిలో పనిచేసికొనువారు గరాటును మాత్రము ఉంచుకొని, దాని తరువాతి గాలిని గొట్టముద్వారా పెరటివైపునకు, ప్రక్కింటి కిటికీలకు దూరముగా విడిచినచో సంచి అక్కరయే యుండదు. అయితే సంచి తీసివేసినపుడు అడ్డంకి తగ్గి గాలి అధికముగా పోవుటచే మోటారు ఎక్కువ కరెంటు లాగును. మోటారు రేకుపై చెక్కియున్న ఆంపియర్ల అంకెను మించుచున్నదేమో ఎలక్ట్రీషియనుచే కొలిపించి, మించినచో గొట్టపు కొనను కొంచెము ఇరుకు చేయించవలెను.